ముగ్గుపిండితో గీసిన తీరం

సికింద్రాబాద్‌లో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి కాకినాడ. సముద్రం మనకు అంత దూరం. అయినా ఆ సముద్రం పొంగబోతోందన్న కబురు తీరానికి వెళ్లేది మన జంటనగరాల నుంచే. నిజాంపేట పక్కన ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. పూర్తిపేరు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత దేశానికి సొంత హెచ్చరిక కేంద్రం ఉండాలనుకున్నారు. 2007 అక్టోబరులో అది ఇక్కడే మొదలైంది. సుమత్రా దగ్గర సముద్రం అడుగున నేల అదిరితే నిమిషాల్లో ఇక్కడి తెరల మీద తెలిసిపోతుంది. తుపాను ముంచుకొస్తుంటే ఏ తీరంలో ఉప్పెన ఎన్ని మీటర్లు లేస్తుందో ఇక్కడి కంప్యూటర్లు లెక్క కడతాయి.

లెక్క ఇక్కడ తయారవుతుంది. ఆ లెక్క విని ఏ దారిన పరుగెత్తాలో, ముసలమ్మను ఎవరు ఎత్తుకోవాలో, గేదెల పలుపు ఎవరు విప్పాలో తేల్చుకోవలసింది మాత్రం సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు. ఈ రెంటి మధ్య దూరాన్ని అయిదు వందల కిలోమీటర్లకు పైబడిన రైలు ప్రయాణంతో కొలవలేం.

వేసవి సెలవులకు వచ్చిన మా మేనకోడలు ఎనిమిదో తరగతి. టీవీలో వాయుగుండం వార్త చూస్తూ, "ఉప్పెనంటే పెద్ద అలే కదా మామయ్యా?" అంది. చాలామంది పెద్దలూ అలాగే అనుకుంటారు. చెప్పడం కంటే చూపించడం నయమనిపించి, స్నానాలగదిలోంచి పెద్ద టబ్బు తెచ్చి, సగానికి నీళ్లు పోసి చిటికెడు పసుపు కలిపాను. ఒక అంచున టేబుల్ ఫ్యాన్ పెట్టి వేగంగా తిప్పాం. పైన సన్నని అలలు లేచాయి, అంతే. నీటిమట్టం కదల్లేదు. తర్వాత వంటింట్లోంచి అడుగు చదునుగా ఉన్న వెడల్పాటి పళ్లెం తెచ్చి, అడుగు తడిసేంత పలచగా అవే పసుపు నీళ్లు పోసి, అదే ఫ్యాన్ పెట్టాం. ఈసారి నీళ్లన్నీ జరిగి జరిగి అవతలి అంచుకు చేరాయి. ఫ్యాన్ వైపు పళ్లెం అడుగు బయటపడింది. అవతల పసుపు నీరు గట్టులా నిలబడింది. ఫ్యాన్ ఆపేదాకా అది వెనక్కి రాలేదు.

ఉప్పెన అంటే ఆ గట్టు. అల వచ్చి విరిగి వెనక్కి పోతుంది. ఉప్పెన అలా కాదు, సముద్రమట్టమే గంటల తరబడి ఎత్తుగా నిలబడిపోవడం. దాని మీద మళ్లీ అలలు. గాలి పైనుంచి నీటిని ఒడ్డుకు తోస్తుంటే, లోతున్న చోట అడుగున నీరు తిరిగి సముద్రంలోకి జారుకుంటుంది. లోతు లేని చోట దానికి దారి ఉండదు, పోగు పడుతుంది. అందుకే ఒకే గాలికి రెండు ఊళ్లలో రెండు రకాల ఉప్పెనలు లేస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికే వచ్చింది. చెట్టు చేమా లేకుండా ఊడ్చేసింది. అయినా అక్కడ ఉప్పెన సుమారు 1.4 మీటర్లే. విశాఖ దగ్గర సముద్రం తొందరగా లోతెక్కుతుంది. కృష్ణా మొగల దగ్గర అలా కాదు. నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రుతో చాలా దూరం లోతు తక్కువ. నిజాంపట్నం దగ్గర తీరం లోపలికి వంగి దోసిలిలా ఉంటుంది. వచ్చిన నీరు ఆ దోసిట్లో ఇరుక్కుంటుంది.

ఇంకో రెండు సంగతులున్నాయి. తుపాను కన్ను దగ్గర గాలి పీడనం పడిపోతే సముద్రం పైకి ఉబ్బుతుంది. ఒక మిల్లీబారు తగ్గితే దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది. పెద్ద తుపానులో కూడా ఈ వాటా సాధారణంగా మీటరు లోపే, మిగిలిందంతా గాలి పని. రెండోది, మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతాయి. అది తూర్పుతీరాన్ని దాటేటప్పుడు దాని కుడిచేతి వైపు గాలి సముద్రం నుంచి నేల మీదికి కొడుతుంది, ఎడమవైపు నేల నుంచి సముద్రంలోకి. తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్నది ఒక్కటే వింటే చాలదు. మన ఊరు దానికి ఏ పక్కన ఉందన్నది ప్రాణాల మీది ప్రశ్న.

1977 నవంబరు 19, శనివారం. తుపాను నిజాంపట్నం, చీరాల వైపు తీరం దాటింది. దివిసీమ దానికి కుడిపక్కన ఉంది. అయిదు మీటర్ల నీరు పొలాల మీదుగా పది పదిహేను కిలోమీటర్లు లోపలికి వచ్చింది. పోయినవాళ్లు దాదాపు పదివేల మందని ప్రభుత్వ లెక్క. అంతకంటే ఎక్కువేనని ఆ సీమ మనిషి ఎవరిని అడిగినా చెబుతారు. నాగాయలంక, కోడూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే లేకుండా పోయాయి. తుపాను వస్తోందని రేడియో చెప్పకపోలేదు. కానీ తుపానంటే గాలీ వానా అని ఊళ్లవాళ్లకు తెలుసు. తలుపులు బిగించుకుని ఇళ్లలోనే ఉన్నారు. నీరు వస్తుందని, అదీ అంత ఎత్తున, ఇంత లోపలికి వస్తుందని ఎవరికీ అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు మెలిపెట్టినట్టు ఉంటుంది. హెచ్చరిక చేరింది, అర్థం చేరలేదు.

ఆ తర్వాత తీరం పొడవునా తుపాను షెల్టర్లు వెలిశాయి. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఆ భవనాలు చాలాచోట్ల మామూలు రోజుల్లో బడులే. ప్రపంచ బ్యాంకు సాయంతో 2011లో ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల్లో మొదలైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకం మరికొన్ని షెల్టర్లు, వాటికి వెళ్లే రోడ్లు, ఉప్పునీటి కట్టలు ఇచ్చింది. మంచి పనులే. అయితే షెల్టర్ ఎక్కడ కట్టాలి, కట్ట ఎటు తిరగాలి అని నిర్ణయించే గదిలో ఆ ఊరివాళ్లు ఎంతమంది కూర్చున్నారు? సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ నాటికే పటం గీసేసి ఉంటుంది. రంగురంగుల గీతలతో, ఊరివాళ్లకు చదవరాని అంకెలతో. చూసి తల ఊపడమే మిగులుతుంది.

కంప్యూటరుకు తెలియనివేమిటో కాస్త దగ్గరగా చూద్దాం. ఉప్పెన లెక్కకు సముద్రాన్నీ నేలనూ చిన్న చిన్న గళ్లుగా కోస్తారు. తీరం దగ్గర గడి కొన్ని వందల మీటర్లు అనుకోండి. అందులో నేల ఎత్తు ఒక్క అంకె. కానీ ఆ వందల మీటర్లలో ఇసుక దిబ్బ ఉంటుంది. ఆ దిబ్బకు సరుగుడు కలప తోలుకోవడానికి ట్రాక్టరు దారి కోసం నాలుగు మీటర్ల గండి కొట్టి ఉంటుంది. నీరు వచ్చేది సగటు ఎత్తు మీంచి కాదు, ఆ గండిలోంచి. పోయినేడు తవ్విన రొయ్యల చెరువుల గట్లు పాత పటంలో ఉండవు. వాటికి తగిలి నీరు ఇంకో పేటకు మళ్లుతుంది. మురుగు కాలువ మొగ దగ్గర తలుపు తుప్పు పట్టి మూసుకోదు. పోటు సమయంలో సముద్రం కాలువ కంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఊరి నీరు బయటికి పోదు సరికదా, సముద్రమే కాలువలో ఎదురెక్కి ఊళ్లోకి వస్తుంది. అమావాస్యకో పౌర్ణమికో తుపాను పడితే మరీనూ. ఇవన్నీ వేటకెళ్లే వాడికి తెలుసు. పీతల కోసం బోదెల వెంట తిరిగే పదేళ్ల పిల్లాడికి ఇంకా బాగా తెలుసు.

వాళ్ల చేత చెప్పించే పద్ధతి కష్టమైనదేమీ కాదు. బడి ఆవరణలో ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గుపిండితో ఊరి పటం గీయిస్తారు. ముందు సముద్రం, తర్వాత కాలువ, రోడ్డు, గుడి, చర్చి, బడి. ఇటుకముక్కలు ఇళ్లు. నడవలేని మనిషి ఉన్న ఇంటి మీద ఒక చింతగింజ, చంటిబిడ్డ ఉన్నచోట ఇంకో గింజ. ఆకులు పశువుల పాకలు. కాగితం మీద అయితే కలం పట్టినవాడిదే పెత్తనం. నేల మీద ముగ్గయితే వంగి చెరిపి మళ్లీ గీసే హక్కు ఆడవాళ్లకూ పిల్లలకూ వస్తుంది. "ఇక్కడ చప్టా మునిగితే మాకు దారే లేదు" అని ఒకామె అంటే, ఆ ఒక్క మాటతో కాగితం మీద వేసిన తరలింపు దారి మారిపోతుంది. ఆ తర్వాత ఇంజనీరు రావాలి, మట్టం కొలిచే పరికరంతో. ముగ్గు ఎత్తులు చెప్పదు. ఏ ఇంటి గడప సముద్రమట్టానికి ఎన్ని సెంటీమీటర్ల పైన ఉందో కొలిచి ఆ పటం మీద రాస్తే, ఇన్‌కాయిస్ పంపే "మూడు మీటర్ల ఉప్పెన" అన్న మాటకు అప్పుడు ఊళ్లో అర్థం వస్తుంది. మూడు మీటర్లంటే బడి కిటికీ దాకా. మూడు మీటర్లంటే రామాలయం అరుగు మునుగుతుంది.

పాతకాలపు జ్ఞానం ఉంటే చాలు, శాస్త్రం అక్కర్లేదని నేననడం లేదు. ఎన్నో తుపాన్లు చూసిన పెద్దవాళ్లు కూడా తాము చూసినంత నీరే వస్తుందని నమ్ముతారు. ఆ నమ్మకం వల్లా ప్రాణాలు పోయాయి. రెండూ ఒకే నేల మీద కలవాలి, అదీ మొదటి గీత నుంచే.

అలా కలిసిన చోటు ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. యునెస్కో వారి సముద్ర విజ్ఞాన విభాగం "సునామీ రెడీ" అని ఊళ్లకు గుర్తింపు ఇస్తుంది. 2020 ఆగస్టు 7న ఒడిశాలో రెండు ఊళ్లకు అది వచ్చింది: గంజాం జిల్లా వెంకట్రాయిపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో ఈ గుర్తింపు మొదట దక్కించుకున్నది భారతే. ఆ పేర్లు ఒకసారి పైకి చదవండి. ఒడిశా తీరంలో వేటకెళ్లే తెలుగు మూలాల జాలరులను అక్కడివాళ్లు నోలియాలంటారు. సాహి అంటే వీధి. ఉత్తరాంధ్ర నుంచి వలలు భుజాన వేసుకుని తీరం వెంబడే వెళ్లి స్థిరపడినవాళ్ల వీధి పేరు అది. జగత్‌సింగ్‌పూర్ అంటే 1999 అక్టోబరు 29 నాటి మహా తుపానులో అందరికంటే ఎక్కువ మందిని పోగొట్టుకున్న జిల్లా.

గుర్తింపు ఊరికే రాదు. ఇప్పుడు దానికి 12 కొలమానాలున్నాయి. ముప్పు ప్రాంతం పటం ఉండాలి. ఎంతమంది ఆ హద్దులో ఉన్నారో లెక్క ఉండాలి. అందరికీ అర్థమయ్యే తరలింపు పటం ఊరివాళ్లతో కలిసి గీయాలి, దాన్ని నలుగురూ తిరిగే చోట బోర్డుగా కట్టాలి. రాత్రి పగలు ఎప్పుడైనా కబురు అందుకోవడానికీ ఊరంతా చాటడానికీ ఒక దారి పోతే ఇంకొకటి ఉండాలి. బడుల్లో, పేటల్లో అవగాహన కార్యక్రమాలు జరగాలి, కసరత్తు చేసి చూపాలి. కొన్నేళ్లకొకసారి మళ్లీ పరీక్ష. ఒడిశా విపత్తు నిర్వహణ సంస్థ, ఇన్‌కాయిస్ చేయి కలిపి ఈ పని నడిపాయి. 2024 నవంబరులో అదే రాష్ట్రంలో మరో 24 ఊళ్లకు గుర్తింపు దక్కింది. శ్రీకాకుళం దాటితే వచ్చే తీరం అది. అదే సముద్రం, అవే తెప్పలు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ప్రతి జాలరిపేట బడి గోడ మీదా అలాంటి పటం చూడాలని నా కోరిక.

బడి పిల్లలను ఎందుకు అంతగా పట్టుకోవాలి అంటే, జపాన్‌లో కమైషి అనే ఊరు జవాబు చెబుతుంది. ఆ ఊరి రేవుకు 63 మీటర్ల లోతు నుంచి లేపిన అలల అడ్డుగోడ ఉండేది. ప్రపంచంలోకెల్లా లోతైనదని గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. 2009లో పూర్తయింది. 2011 మార్చి 11 సునామీకి విరిగిపోయింది. నీటిని కొన్ని నిమిషాలు ఆపింది, అది మరిచిపోకూడదు. కానీ ఆ ఊరి బడిపిల్లలు దాదాపు మూడు వేల మంది బతికింది గోడ వల్ల కాదు. గున్మా విశ్వవిద్యాలయం ఆచార్యుడు కతాడ తోషితాక అంతకు ముందు కొన్నేళ్లుగా ఆ బడుల చుట్టూ తిరిగాడు. పిల్లల చేతే ఇంటి నుంచి బడి దాకా పటాలు గీయించి, ఎక్కడున్నప్పుడు భూమి కంపిస్తే ఎటు ఎక్కాలో వాళ్లనే గుర్తించమన్నాడు. ఆయన నేర్పిన మొదటి సూత్రం, పటం గీసినవాళ్ల అంచనాను గుడ్డిగా నమ్మవద్దని.

ఉనోసుమాయి పేటలో ప్రాథమిక పాఠశాల, మాధ్యమిక పాఠశాల పక్కపక్కనే ఉండేవి. అధికారిక ముంపు పటం ప్రకారం రెండూ క్షేమమైన చోటే. భూకంపం ఆగగానే పెద్ద పిల్లలు పరుగు అందుకున్నారు, వాళ్లను చూసి చిన్న పిల్లలు. ముందుగా అనుకున్న చోటికి చేరాక పక్క కొండచరియ జారుతుండటం చూసి ఇక్కడ కూడా వద్దని ఇంకా పైకి, అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్లారు. పెద్ద తరగతుల వాళ్లు చిన్నవాళ్ల చేతులు పట్టుకుని నడిపించారు. పిల్లల పరుగు చూసి పేటలో పెద్దలూ వెనకే కదిలారు. బడి భవనాలు మునిగాయి. అలా పైకి వెళ్లిన పిల్లలంతా బతికారు.

మన దగ్గరా 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బడుల భద్రతకు మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి బడికీ ఒక విపత్తు ప్రణాళిక ఉండాలంది. ఆ ప్రణాళిక ఫైలులో ఉంటే అది ప్రధానోపాధ్యాయుడిది. పిల్లలే గీస్తే ప్రతి ఇంటికీ చేరుతుంది.

కట్టలు, గోడల విషయంలో కూడా ముందు ఊరివాళ్లనే అడగాలి. కాకినాడ పక్కన ఉప్పాడ తీరం తరుగుతూనే ఉంది. ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టపు సంచులతో, జియోట్యూబ్ అంటారు, కోట్లు పెట్టి అడ్డుకట్ట వేశారు. కొన్నేళ్లకే అలలు దాన్ని చీల్చేశాయి. మన తూర్పుతీరంలో ఇసుక ఒకచోట ఉండదు. ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఒకచోట గోడ కడితే దానికి తగిలిన అల వెనక్కి మళ్లి గోడ పాదంలో ఇసుకను తోడుతుంది, గోడ ముగిసిన చోట పక్క ఊరి ఒడ్డును కొరుకుతుంది. నా ఊరిని కాపాడే రాయి పొరుగూరికి కోత. కాబట్టి ఒక్కొక్క ఊరిని విడివిడిగా అడిగినా సరిపోదు, తీరం పొడవునా ఊళ్లను కలిపి కూర్చోబెట్టాలి.

కోరింగ మడ అడవుల్లో ఇంకో రకం కట్ట పెరిగింది. తెల్లమడ, నల్లమడ, తిల్ల. ఒత్తుగా అల్లుకున్న వేళ్లూ కొమ్మలూ అలల జోరును విరుస్తాయి. 1990ల చివరిలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కలిసి గోదావరి, కృష్ణా మొగల ఊళ్లలో కమిటీలు ఏర్పరచి పాడైన మడను తిరిగి పెంచే పని చేపట్టాయి. ఎండి ఉప్పు తేరిన పర్రల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ ఒక పెద్ద కాలువ, ఇరుపక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటుకు నీరు అన్ని మూలలకూ చేరి, పాటుకు ఉప్పును కడుక్కుని వెనక్కి పోతుంది. అప్పుడు మొక్క నిలుస్తుంది. తవ్వినవాళ్లు, నాటినవాళ్లు, తర్వాత నరకకుండా కాచినవాళ్లు ఆ ఊళ్ల మనుషులే.

బంగ్లాదేశ్ నుంచి ఒక్క మాట తెచ్చుకోవాలి. 1970లో అక్కడ భోలా తుపానుకు మూడు లక్షల మందికి పైగా పోయారు. ఆ తర్వాత ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తల దళం పెంచుకున్నారు. షెల్టర్లకు జనం ఎందుకు రారు అని అడిగితే, ఆవును వదిలి ఎలా వస్తామన్నది ఒక జవాబు. అందుకని పశువుల కోసం ఎత్తైన మట్టి దిబ్బలు పోశారు, కిల్లాలని పిలుస్తారు. ఆవు ప్రశ్న ఏ గడిలోనూ పట్టదు, అడిగితేనే తెలుస్తుంది.

పళ్లెం ప్రయోగం అయ్యాక మా మేనకోడలు, "మరి మన నాలాకి పటం ఉందా?" అని అడిగింది. మాకు సముద్రం లేదు కానీ నీటి భయం లేకపోలేదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో మళ్లీ 19. ఒక అట్టా, పెన్సిలూ, రబ్బరూ పట్టుకుని ఆదివారం పొద్దున హుస్సేన్‌సాగర్‌లో కలిసే నాలా వెంట నడిచాం. తను నాలా గీసింది, బస్తీ గీసింది, నీరు నాలా నుంచి ఇళ్ల మీదికి వస్తున్నట్టు బాణం గుర్తు వేసింది. గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఒక అవ్వ పిలిచి ఆ కాగితం చూపించమంది.

"నాలాకెల్లి రాలే బిడ్డా," అంది. "నాలా నిండేటాల్లకు ఈ గల్లీల మోరీ ఎనక్కి తన్నింది. ముందుగాల ఇంట్ల, బాత్రూముల నీళ్లు లేసినయ్. గప్పుడింక రోడ్డు మీద చుక్క లేదు." లేచి గోడ మీద చెయ్యి పెట్టి చూపింది, పిల్ల తల కంటే జానెడు పైన.

పోటుకు మురుగు కాలువలో సముద్రం ఎదురెక్కడమూ ఇదే. మేనకోడలు అక్కడే అరుగు మీద కూర్చుని బాణాన్ని రబ్బరుతో చెరిపి, మోరీ నుంచి ఇంట్లోకి తిప్పి గీసింది. పక్కన అవ్వ చెప్పిన ఎత్తు రాసి, అవ్వ చేతికి కాగితం ఇచ్చి, ఇంకేమైనా తప్పుందా అని అడిగింది.